సాంబ్రాణి వైపు వెతకలేదు

మొన్నటి ముసురుకు మా భీమవరం ఇంట్లో గోడలన్నీ చెమ్మపట్టి, బీరువా తలుపు తీస్తే ముక్కిపోయిన వాసన గుప్పుమంది. అరల్లో ఉన్నవన్నీ కిందికి దించి ఫ్యాను కింద పరుస్తుంటే, వెనక మూలలో పాత తువ్వాల్లో చుట్టిపెట్టిన మట్టి ధూపపాత్ర చేతికి తగిలింది. నాలుగు పలకల పీఠం, దాని మీద చిన్న గిన్నె, చుట్టూ ఎరుపూ నీలం రంగుల గీతలు. గిన్నెలో మా అత్తయ్య దాచుకున్న గుండీలు, పిన్నీసులు, ఒక నల్లదారం ఉండ. వాటిని దోసిట్లోకి వంపుకున్నానో లేదో, అడుగునుంచి సాంబ్రాణి వాసన. మా చేతికి వచ్చాక దాంట్లో ఎవరూ నిప్పు వేయలేదు. పదేళ్ళు కావస్తోంది, అయినా వాసన పోలేదు. నా గుండెల్లో దడ కూడా పోలేదని ఆ క్షణాన తెలిసింది. దోసిలి విడిపోయి, గుండీలు నేలమీద పడి తలో దిక్కుకూ దొర్లాయి.

అప్పట్లో మేం ఒమన్‌లో, సలాలాలో ఉండేవాళ్ళం. నేను ఆసుపత్రిలో ఎమర్జెన్సీ వార్డు నర్సుని. మా ఆయనకి పోర్టులో క్రేన్ల మీద డ్యూటీ. గల్ఫ్ అంటే ఇసకా, ఎండా, ఎడారీ అనుకునేవాళ్ళకి సలాలా గురించి చెబితే నవ్వుతారు. రోడ్డు పక్కన కొబ్బరిచెట్లు, అరటితోటలు, ఆకుల పందిళ్ళ కింద బొండాలు కొట్టే కొట్లు. మా కోనసీమని ఎవరో తెచ్చి సముద్రం ఒడ్డున దించినట్టుండేది. వానాకాలాన్ని అక్కడ ఖరీఫ్ అంటారు. ఆ నెలల్లో కొండలు పచ్చబడతాయి, సన్నటి జల్లు ఆగకుండా పడుతూనే ఉంటుంది, పొగమంచు కొండ దిగి ఊళ్ళోకి వస్తుంది. దేశం నలుమూలల నుంచీ జనం ఆ చల్లదనం కోసం కార్లేసుకుని వచ్చేవాళ్ళు. నాకు మాత్రం ఖరీఫ్ వస్తోందంటే భయం పట్టుకునేది. మంచులోంచి రోడ్డు మీదికి వచ్చిన ఒంటెని గుద్దిన కార్లు, రాళ్ళమీద నిలబడి ఫొటో దిగుతుంటే అల లాక్కుపోయిన మనుషులు, అందరూ చివరికి మా వార్డు తలుపులోంచే రావాలి. తడిబట్టలతో స్ట్రెచర్ వచ్చిందంటే, దుప్పటి తీయకముందే అది సముద్రం నుంచని తెలిసిపోయేది. ఇన్నేళ్ళ సర్వీసులో రక్తానికి అలవాటు పడ్డాను గానీ ఆ ఉప్పునీటి వాసనకి అలవాటు పడలేకపోయాను.

సరిగ్గా అలాంటి కాలంలో అత్తయ్య విజిట్ వీసా మీద వచ్చింది. నరసాపురం పక్కన సముద్రపు ఒడ్డు ఊళ్ళో పుట్టి, ఎండుచేపల వ్యాపారం చేసి ఇద్దరు పిల్లల్ని చదివించిన మనిషి. తెల్లచీర, చేతిలో బైబిలు, నోట్లో మాట తూటా. సముద్రం దగ్గర జాగ్రత్తమ్మా అని కొడుకు అంటే, "ఒరేయ్ అబ్బాయ్, నాకు సముద్రం గురించి సెప్తన్నావా? నడక దాని ఒడ్డునే నేర్సుకున్నాన్రా నేను," అనేసింది. ఆ ధైర్యమే నన్ను భయపెట్టింది. ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ళలో ఈతరాని వాళ్ళకంటే, సముద్రం మాకు తెలుసులే అనుకున్నవాళ్ళే ఎక్కువ కనిపించేవాళ్ళు.

అత్తయ్యకి ప్రపంచంలో పడని వస్తువు ఒక్కటే, సాంబ్రాణి. మా సంఘంలో పెద్దవాళ్ళు చాలామంది అంతే. అది విగ్రహాల ముందు వేసే పొగ, విశ్వాసులు పీల్చకూడదు అని ఆవిడ పట్టుదల. నరసాపురంలో పక్కింటివాళ్ళు శుక్రవారం సాంబ్రాణి వేస్తే కిటికీలు మూసి, వరసగా తుమ్మి, తుమ్ము తుమ్ముకీ "ప్రభువా" అనేది. ఆ తుమ్ములు పక్కింటికి వినపడాలనే అంత గట్టిగా తుమ్ముతుందని మా ఆయన అనేవారు. అటువంటి మనిషిని తీసుకొచ్చి, ప్రపంచానికి సాంబ్రాణి పండించే ఊళ్ళో దించాం. అక్కడ బట్టలకొట్లో అదే పొగ, టాక్సీలో అదే, బ్యాంకు మెట్ల మీదా అదే. ఇంటికొచ్చిన అతిథికి భోజనం అయ్యాక ధూపపాత్ర చేతికిచ్చి, బట్టలకీ జుట్టుకీ పొగ పట్టించి పంపడం అక్కడి మర్యాద. అత్తయ్య వీధిలో నడుస్తూ ముక్కుతో దారి చూసుకునేది. పొగ కుడివైపు వస్తే ఎడమవైపు పేవ్‌మెంట్ ఎక్కేది. మేం వెనకాల పరుగెత్తేవాళ్ళం.

"అమ్మా, యేసయ్య పుట్టినప్పుడు జ్ఞానులు తెచ్చింది ఈ సాంబ్రాణే కదా, ఇటు వైపునుంచే తీసుకెళ్ళారంటారు," అని మా ఆయన ఒకరోజు ఆటపట్టించారు.

"తెచ్చార్రా. ఇచ్చేసి ఎల్లిపోయారు. నిప్పుమీద ఏసినట్టు ఎక్కడన్నా రాసుందా?" అంది ఆవిడ.

మిగతావన్నీ ఆవిడకి ఎంత నచ్చాయో చెప్పలేను. కాల్చిన గులకరాళ్ళ మీద వేసి వేయించే మాంసం తిని, "మసాలా లేకండా ఇంత రుసేంటే!" అని రాళ్ళు కూడా పరీక్షగా చూసింది. నెయ్యి కారే హల్వాని మా మాడుగుల హల్వాతో పోల్చి తూకం వేసింది. బజార్లో ఎండు కవళ్ళ చేపల బస్తాలు కనబడితే మూతి విప్పించి, గుప్పెడు తీసి వాసన చూసి, సరుకు మంచిదని తేల్చింది. అవి ఒంటెలకి మేత అని తెలిశాక గుప్పెడూ తిరిగి బస్తాలో పోసేసింది. ఆడవాళ్ళు కూర్చుని మట్టి ధూపపాత్రలు అమ్మేచోట మాత్రం, రంగులు చూసి ముచ్చటపడి, దేనికి వాడతారో తెలియగానే చెయ్యి వెనక్కి తీసేసుకుంది. ఎండుచేపల బస్తాలో తల పెట్టగలిగిన మనిషి ఆ పొగకి ఆమడ దూరం పారిపోవడం చూసి నవ్వుకునేదాన్ని. ఆ నవ్వే తర్వాత నా ప్రాణం మీదికి వచ్చింది.

ఒక శుక్రవారం ఆవిడ పోరు పడలేక ముగ్సైల్ వెళ్ళాం. ఊరికి పడమటగా, కొండా సముద్రమూ ఒకదాన్నొకటి ఒరుసుకునే చోటు అది. అక్కడ రాతినేలలో బొక్కలుంటాయి. కిందినుంచి అల గుద్దితే ఆ బొక్కల్లోంచి నీళ్ళు హోరుమని ఆకాశంలోకి లేస్తాయి. మీద ఇనప జాలీలు వేశారు. ఖరీఫ్‌లో ఆ చప్పుడు వింటే, కింద ఏదో జంతువు కట్టు తెంచుకుంటోందనిపిస్తుంది. మేం వెళ్ళేసరికి కొండ కనబడుతోంది, సముద్రం కనబడుతోంది. కాసేపట్లో మంచు దిగి రెండూ లేకుండా పోయాయి. చాచిన చేతి అవతల తెల్లగా ఉంది తప్ప ఇంకేమీ లేదు. నాకు మొదటినుంచీ మనసు మనసులో లేదు. వెళ్ళిపోదామండీ అన్నాను. వేడిగా టీ తాగి బయల్దేరదాం అని మా ఆయన టీ బండి దగ్గరికి వెళ్ళారు. ఆసుపత్రి నుంచి డ్యూటీ మార్పు గురించి ఫోనొచ్చింది. ఆ హోరులో వినపడక ఒక చెవి మూసుకుని రెండు మాటలు మాట్లాడి తిరిగి చూస్తే, పక్కన అత్తయ్య లేదు.

పిలిచాను. నా గొంతు నాకే వినపడలేదు. రెయిలింగు పట్టుకుని తడుముకుంటూ చివరిదాకా వెళ్ళాను. అక్కడ రాతి అంచున ఆవిడ రబ్బరు చెప్పులు ఉన్నాయి. రెండూ పక్కపక్కన, పొందికగా, ముక్కులు సముద్రం వైపు పెట్టి. చుట్టూ రాయంతా అప్పుడే తడిసి ఉంది.

ఆ తర్వాత కాసేపు నేనేం చేశానో నాకు వరసగా గుర్తులేదు. చెప్పులు చేతిలోకి తీసుకుని గుండెకి అదుముకున్నానని మా ఆయన తర్వాత చెప్పారు. ఆయన టీ గ్లాసులు పారేసి ఒడ్డు పొడుగునా "అమ్మా, అమ్మా" అని పరుగెత్తారు. అంత పొడుగు మనిషి గొంతు చిన్నపిల్లాడి గొంతులా అయిపోవడం అదే మొదటిసారి విన్నాను. మా కేకలు విని జీపులోంచి దిగిన పోలీసాయన ఏ రంగు బట్టలని అడిగాడు. తెలుపు అని చెప్పాను. చెబుతూనే చుట్టూ చూశాను, లోకమంతా తెల్లగానే ఉంది. ఏడుపు తన్నుకొచ్చింది. నేను కార్ల వైపు వెతికాను, మెట్ల వైపు వెతికాను, టీ బండి వెనకాల వెతికాను. ఒక వైపు మాత్రం వెళ్ళలేదు. కొండ కింద గొడుగులా ముందుకు వంగిన గుహ ఒకటుంది. జల్లు పడకుండా కుటుంబాలు అక్కడ చాపలు పరుచుకుని కూర్చుంటాయి. అటునుంచి మంచులో సాంబ్రాణి వాసన దట్టంగా వస్తోంది. ఆ వాసన ఉన్నచోట అత్తయ్య ఉండదు. అది నాకు సూర్యుడు తూర్పున పొడవడమంత ఖాయం. ముక్కుకి పొగ తగిలినప్పుడల్లా వెనక్కి తిరిగి, మళ్ళీ నీళ్ళ వైపే నడిచాను.

నర్సుని కాబట్టి నాకు తెలియనిదంటూ లేదు, అదే నా ఖర్మ. నీళ్ళలో మనిషి ఎంతసేపు ఉంటే ఏమవుతుందో నాకు తెలుసు. దుప్పటి కింద ఆ ముఖం ఎలా ఉంటుందో తెలుసు. నరసాపురంలో మా ఆడపడుచుకి ఫోన్ చేయాలి, మొదట ఏ మాట అనాలి? మీ అమ్మని చూడ్డానికి తీసుకొచ్చి సముద్రానికి ఇచ్చేశాం అనా? రెయిలింగుకి ఆనుకుని కూలబడ్డాను.

అప్పుడు, రెండు అలల నడుమ హోరు కాస్త తగ్గినప్పుడు, ఒక తుమ్ము వినపడింది. వెంటనే ఇంకోటి. పక్కింటికి వినపడేలా తుమ్మే తుమ్ము. వెనకే, "ప్రభువా!"

చెప్పులు చేత్తో పట్టుకునే గుహ వైపు పరుగెత్తాను. మెరిసే మఖమలు గౌన్లు తొడుక్కున్న ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. మధ్యలో మా అత్తయ్య. ఒంటినిండా ఎవరిదో శాలువా. తడిజుట్టు విప్పేసి ఉంది. ఒక చేతిలో చిన్న కాఫీ కప్పు, ఇంకో చేతిలో సగం కొరికిన ఖర్జూరం. చీర కుచ్చిళ్ళ కింద ధూపపాత్ర. పొగ చీరలోకి దూరి, మెడ దగ్గర పైకి వస్తోంది. ఒక ముసలావిడ ఆ కుచ్చిళ్ళని గుడారంలా ఎత్తి పట్టుకుని తడి ఆరబెడుతోంది. నన్ను చూసి, "మామా? మామా?" అని, మీ అమ్మేనా అన్నట్టు నవ్వుతూ చాప మీద చోటు చూపించింది.

"ఎక్కడికి పోయారే మీరిద్దరూ? ఇందాకణ్ణించి మీకోసమే సూత్తన్నాను," అని అత్తయ్య గద్దించింది. గద్దిస్తూనే నా మణికట్టు పట్టుకుంది. ఎంతకీ వదల్లేదు. ఆవిడ అలా ఒకరిని పట్టుకోవడం మా మామయ్య పోయిన రోజున కూడా నేను చూడలేదు.

జరిగిందేమిటో తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పింది. అంత సముద్రాన్ని చూసి ప్రార్థన చేసుకోవాలనిపించిందట. ప్రార్థనకి చెప్పులతో నిలబడటం ఆవిడకి లేదు, విప్పి పక్కన పెట్టి కళ్ళు మూసుకుంది. "కళ్ళు తెరిసేలోగా నేల్లోంచి లేసిందే నీళ్ళు! సముద్రం ఎదురుగుండా రావాలి గానీ కాళ్ళకిందనుంచి రావటమేంటే? ఎన్నడన్నా ఇన్నామా?" అంది. నిలువెల్లా తడిసి, ఉత్తకాళ్ళతో ఎటు పరుగెత్తిందో తనకే తెలియదు. మంచులో చెప్పులూ లేవు, మేమూ లేము. ఒక రాయి మీద కూలబడి అరిచిందట. ఎవరికీ వినపడలేదు. కాసేపటికి పొగ ఒకటి మంచులోంచి దగ్గరికొచ్చింది. దాని వెనక ఆ ముసలావిడ.

"పారిపోదామంటే ఎటు ఎల్లాలో తెలీలేదే," అంది మెల్లగా.

మా ఆయన వచ్చి తల్లి పాదాల దగ్గర కూర్చుని ఏడ్చేశారు. ఆడవాళ్ళు ఆయనకీ కాఫీ పోశారు. లేచేటప్పుడు ముసలావిడ నిప్పులు రాతిమీద దులిపి, ధూపపాత్రని తన ముసుగు కొంగుతో తుడిచి అత్తయ్య చేతిలో పెట్టింది. వద్దని తోసేస్తుందేమోనని నేను మరో భయంతో చూశాను. అత్తయ్య రెండు చేతులా అందుకుంది. కారులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మా ఆయన దారిలో ఒకసారి కారు ఆపి, వెనక్కి తిరిగి తల్లిని చూసుకుని మళ్ళీ నడిపారు. చాలా దూరం వచ్చాక ఆవిడ కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఈ పొగకి ఇంకేం పోతాయో నాకు తెలీదు గానీ, సలి మటుకు పోయిందిరా అబ్బాయ్," అంది.

ఆ తర్వాత ఆవిడ సముద్రం ఊసెత్తలేదు. సాంబ్రాణితో సంధి కూడా కుదుర్చుకోలేదు, ఇంటికెళ్ళాక మళ్ళీ కిటికీలు మూసేది, తుమ్మేది. ఆ పాత్రలో మాత్రం గుండీలు వేసి తలగడ దగ్గర పెట్టుకుంది. మేం తిరిగొచ్చి భీమవరంలో స్థిరపడ్డాక దాంతో సహా మా దగ్గరికే వచ్చేసింది. మూడేళ్ళ క్రితం మంచం మీదే, నిద్రలోనే, ఎవరినీ భయపెట్టకుండా వెళ్ళిపోయింది. నా భయం నాతోనే ఉంది. చర్చి బయట చెప్పులు కుప్పలుగా ఉంటే ఏమీ అనిపించదు. ఎక్కడైనా నీళ్ళ పక్కన ఒంటరిగా ఒక జత కనబడితే చూస్తూ ఊరుకోలేను, అవి ఎవరివో తెలిసేదాకా అక్కణ్ణుంచి కదల్లేను.

మొన్న గుండీలన్నీ ఏరి ఒక డబ్బాలో పోశాను. ఎన్నడూ లేనిది, పొయ్యి మీద రెండు బొగ్గులు కాల్చి ఆ గిన్నెలో వేసి, పక్క వీధి కొట్లోంచి తెచ్చిన సాంబ్రాణి పలుకొకటి వాటి మీద పెట్టాను. పొగ హాలు దాటి అత్తయ్య గదిలోకి వెళ్ళింది. కిటికీ మూసినవాళ్ళు లేరు. నిప్పు చల్లారేదాకా చెవి అటే పెట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు నేను వెతకని వైపున మనిషి దొరికింది. కాలం తీసుకుపోయాక వెతకడానికి ఏ వైపూ మిగలదు.