ఏరన్ ఆగమన్నారు

ఎదురింటి లియా పండక్కి తీపి ద్రాక్ష వైన్ తెచ్చింది. మూత తీయగానే వచ్చిన వాసనకు నా కాళ్లు ఒకచోట నిలవలేదు. సీసా బల్లమీద పెట్టి వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ ఉండిపోయాను. ఆమె ఆరేళ్ల కొడుకు మా డ్రైవ్‌వేలో బంతి ఆడుతున్నాడు.

లియా తండ్రి ఏరన్ ఇక్కడ అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్లో నా మొదటి బాస్. కార్ల బ్రేకులు పరీక్షించే మా టీముకు పెద్ద. నాకేమో ప్రతి పనీ నిన్ననే అయిపోవాలి. ఆయనకు చిన్న అనుమానం వచ్చినా బండి కదలకూడదు. "ఆగు శ్రీనీ, ఇంకోసారి టెస్ట్ చేద్దాం" అనేవారు. ఆ మాట వింటే ఒళ్లు మండేది. అయినా ఆయన దగ్గరే ఉండాలనీ అనిపించేది.

రిటైరయ్యాక ఆయనకు క్యాన్సర్ వచ్చింది. ఇక ఎక్కువ రోజులు లేవని డాక్టర్లు చెప్పేశాక లియాకు కొడుకు పుట్టాడు. యూదుల ఇళ్లలో మగబిడ్డకు ఎనిమిదో రోజున సున్తీ చేస్తారు. అబ్రహాముతో దేవుడు చేసుకున్న ఒప్పందానికి అది ఒంటిమీద గుర్తు. పేరు కూడా అప్పుడే పెడతారు. ఆ సమయంలో బిడ్డను ఒడిలో పట్టుకునే గౌరవం తాతదేనని ఇంట్లో అనుకున్నారు. ఆయన ప్రాణం దానికోసమే నిలబడి ఉందని మాకందరికీ తెలుసు.

ఎనిమిదో రోజు శనివారం పడింది. వాళ్లకది ఏ పనీ ముట్టుకోని సబ్బాతు. మరి ఆదివారానికి మారుస్తారా అని అడిగాను.

"సబ్బాతు కూడా దీన్ని ఆపదు" అన్నారు ఏరన్ గర్వంగా.

శుక్రవారం ఆయన్ని నేనే కార్లో లియా ఇంటికి తీసుకెళ్లాను. సున్తీ చేసే పెద్దాయన వచ్చి, బిడ్డను కిటికీ వెలుతురులో చూశాడు. కళ్లు పచ్చగా ఉన్నాయి. కామెర్లు పూర్తిగా తగ్గేదాకా చేయకూడదన్నాడు. లియా ఏడ్చేసింది. నేను ఉండబట్టలేక, "డాక్టర్ ఓకే అంటే రేపే చేసేయొచ్చుగా? మీకు టైమ్..." అని మిగతాది మింగేశాను.

"టైమ్ లేనిది నాకు. వాడికి బోలెడుంది. ఆగుదాం శ్రీనీ."

ఇంటికొచ్చి నా భార్య సుధ మీద ఎగిరాను. "సబ్బాతుకే ఆగనిది కాస్త పసుపు రంగుకు ఆగడమేంటి?"

"పసిగుడ్డండీ. ఆగకపోతే ఎట్లా?" అంది.

బుధవారం ఏరన్ పోయారు. బిడ్డ కోలుకున్నాక సున్తీ జరిగింది. లియా మామగారు ఒడిలో పట్టుకున్నారు. ఇలాంటి వైన్‌నే పెదవులకు అద్దుతూ బిడ్డకు ఏరన్ అని పేరు పెట్టారు. బతికున్నవాళ్ల పేరు పిల్లలకు పెట్టడం వాళ్లింట్లో లేదు. శనివారమే అయిపోయుంటే వాడికి ఇంకేదో పేరు వచ్చేది. అదంతా తెలిసినా నా మనసు కుదుటపడలేదు. ఆయన ఒక్కసారి వాణ్ణి పట్టుకునుంటే ఎంత బాగుండేదో అని ఇవాళ్టికీ బాధపడతాను.

తెరిచిన కిటికీలోంచి చూస్తే, బయట బంతి దొర్లుకుంటూ రోడ్డు మీదికి పోయింది. వాడు దాని వెంట పరిగెత్తాడు. అటునుంచి కారు వస్తోంది.

"ఏరన్, ఆగు" అని అరిచాను.

వాడు ఆగాడు.