లేని వంతెన దిగి వచ్చేవారు

సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు ఇంకా కట్టని వాటిని వాడేస్తారు. ఆయనకున్న అలవాటు అదొక్కటే. అమలాపురంలో ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో డ్రాయింగులు గీసి రిటైరయ్యారు. ఇప్పటికీ మంజూరు కోసం ఫైలు తయారు చేయాలంటే ఆయన్నే పిలుస్తారు. పునాది పడని బడి అరుగు మీద చొక్కా ఆరేశారని, లేని వాటర్ ట్యాంకు నీడలో కునుకు తీశారని చెప్పుకుంటారు.

ఈసారి ఏటి మధ్య లంకలో ఉండేవాళ్ల కోసం గోదావరి పాయ మీద కాలినడక వంతెన. అక్కడ నెలలు నిండినవాళ్లు కూడా పడవలోనే దాటాలి. సోమవారంలోగా ఫైలు పైకి వెళ్లకపోతే ఈ ఏడాదికి ఆశ లేదు. కొలతలు, మట్టి పరీక్షలు, అంచనాలు సిద్ధం. లేనిది అంగీకారపత్రం. వంతెన దిగే చోట రెండు సెంట్లు బంగారరాజు గారివి. ఇవ్వనన్నారు. నోటీసులొద్దు, సంతకం నేను తెస్తానన్నారు రావు గారు.

ఫైలు బాధ్యత కొత్త ఇంజనీరు ఏంజెల్‌ది. పాపం, రోజూ ఆయనకి ఫోన్ చేసేది.

"ఎక్కడున్నారు బాబాయి గారూ?"

"వంతెన మధ్యలో ఉన్నానమ్మా. గాలి బాగుంది."

"వంతెన లేదండీ."

"ఆయ్. అందుకే మెల్లిగా నడుస్తున్నాను."

శనివారం ఆమే ఆ ఒడ్డుకి వెళ్లింది. పొద్దుటి మంచులో నీళ్లెక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. లంక నుంచి వచ్చిన పడవ దిగి, రావు గారు గాలిలో రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ బంగారరాజు గారి కొబ్బరితోటలోకి వచ్చారు.

"మీ మెట్లు చల్లగా ఉన్నాయండి."

"లేని మెట్లు చల్లగా ఉండక కాలతాయేటండీ?" అన్నారు బంగారరాజు గారు. అంటూనే బొండం కొట్టించారు. గుమ్మంలోకి వచ్చిన మనిషిని ఉత్తినే పంపడం ఆయన వల్ల కాదు.

రావు గారు రోజూ ఇలాగే దిగుతున్నారని, రోజూ బొండం తాగి వెళుతున్నారని, సంతకం మాటే ఎత్తలేదని ఏంజెల్‌కి అప్పుడు తెలిసింది. ఆమెకి ఏడుపొక్కటే తక్కువ.

"లంకలో అంతా మీ మాటేనండి," అన్నారు రావు గారు గడ్డం తుడుచుకుంటూ. "వంతెన దిగ్గానే రాజు గారి తోట, ఇంక దాహానికి లోటేముంది అంటున్నారు."

బంగారరాజు గారు తోటంతా కలియజూశారు. "అంతమంది ఎండలో నిలబడి తాగుతారేటండీ? రెండు సెంట్లలో నీడెక్కడ పడద్దీ? మూడు రాసుకోండి. పాక నేనేయిస్తాను."

ఏంజెల్ సంచి తెరిచేలోపు ఆయనే పెన్ను అడిగారు.

సంతకమయ్యాక ఏంజెల్, రావు గారు ఒడ్డుకి వచ్చారు.

"నోటీసిచ్చి తీసుకుందామంటే ఎందుకు వద్దన్నారండీ? నా ప్రాణం పోయింది."

"తీసుకోవచ్చమ్మా. కానీ రేపు అందరూ ఆయన గుమ్మం ముందు నుంచే నడవాలి. ఓడిపోయిన మనిషిలా ఆయన మొహం తిప్పుకుని కూర్చుంటే ఏం బాగుంటుంది? ఇప్పుడైతే ఎదురొచ్చి పలకరిస్తారు."

ఏంజెల్ పత్రం సంచిలో పెట్టి నీళ్లకేసి తిరిగింది. మంచు ఇంకా విడలేదు.

"కాస్త పక్కకి రండి బాబాయి గారూ," అంది. "ఎవరో పాలకేన్ల సైకిలు తోసుకుంటూ వంతెన దిగుతున్నారు."

రావు గారు మర్యాదగా ఒదిగి దారిచ్చారు.