వెనక్కి తిప్పిన తారీఖు

ఇంగ్లీషులో నేను తడుముకోకుండా చదవగలిగే మాట ఒకటే ఉంది: ‘ఎర్రర్’. పెళ్లిలో పిలవని చుట్టాన్ని పట్టినట్టు, అది తెర మీద ఏ మూల నక్కినా పట్టేస్తాను. ఆ ఒక్క మాట ఆధారంగా గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా బండి మీద తిరుగుతూ, కంప్యూటర్లు బాగుచేస్తూ ఇద్దరు పిల్లల్ని సాకుతున్నాను. బండి ఆగిపోతే మాత్రం నోరు మూసుకుని మెకానిక్ దాకా తోసుకుపోతాను.

ఇది 2023 వానాకాలం సంగతి. అమరచింతలో యాదగిరి అని నా దోస్తు ఒక నెట్ సెంటర్ నడుపుతాడు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఫొటోలు దిగేవాళ్ల వెనక వేలాడదీసే ఒక నీలం గుడ్డ. కులం సర్టిఫికెట్ కావాలన్నా, పింఛను రాలేదన్నా, హాల్ టికెట్ తీయాలన్నా చుట్టుపక్కల ఊళ్లకు ప్రభుత్వమంటే ఆ రెండు తెరలే.

ఆ రోజు నేను వీపనగండ్లలో ఒక ఎరువుల దుకాణం కంప్యూటర్ విప్పి కూర్చుంటే యాదగిరి ఫోన్ చేశాడు.

“అన్నా, ఒక సైట్ తెరుచుకుంటలేదు. జర వచ్చి చూడు.”

“ఒక్కటేనా, అన్నీనా?”

“ఒక్కటే. కౌన్సెలింగ్‌ది. మిగతాయన్నీ మంచిగనే ఉరుకుతున్నయ్.”

“అర్జెంటా?”

“ఏం లేదు. సర్వర్ డౌన్ ఉన్నట్టున్నది. రేపు రా, మటన్ తెప్పిస్త, తిని పోదువు.”

మటన్ మాట రాగానే అర్జెంటు కాదని తేలిపోయింది. మర్నాడు తీరిగ్గా టీ తాగి బయలుదేరాను.

వెళ్లేసరికి షాపు ముందు బెంచీ మీద ఒక తల్లీ కూతురూ కూర్చుని ఉన్నారు. తల్లి బాలమ్మ, కూలి పని చేస్తుంది. కూతురు శిరీష పదో తరగతి పాసై, ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో సివిల్ సీటు తెచ్చుకుంది. అదీ ఆఖరి విడతలో. సీటు వచ్చాక వెబ్‌సైట్‌లోకి వెళ్లి, చేరుతున్నానని తెలియజేస్తూ ఒక మీట నొక్కాలి. సెల్ఫ్ రిపోర్టింగ్ అంటారు. గడువులోగా అది నొక్కకపోతే సీటు పోతుంది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క స్మార్ట్‌ఫోన్ తండ్రితో పాటు పుణెలో ఉంది. ఆయన అక్కడ బిల్డింగ్ పనికి పోతాడు. అందుకే వాళ్లకు ఈ బెంచీ తప్పలేదు.

“రోజూ పొద్దుగాల్నే వస్తున్నం సారూ, కూలి ఇడిచిపెట్టి,” అంది బాలమ్మ.

“సార్ అనకమ్మా. అలవాటైతే ఇంట్ల మా ఆమెను గూడ గట్లనే పిలవమంట, ఆమె బువ్వ పెట్టది.”

ఆమె నవ్వలేదు. పిల్ల కొంచెం నవ్వింది. సివిలే ఎందుకు తీసుకున్నావని అడిగాను. “మా నాయిన పనిచేసేకాడ కొలతలు చూసి చెప్పే సార్లుంటరంట. వాళ్లు ఎండల నిలవడరంట,” అంది.

లోపల తెర మీద ఎర్ర త్రికోణం, దాని కింద ఇంగ్లీషు. సైట్ తెరుచుకోవడం లేదని పిలిస్తే నేను మొదట కంప్యూటర్‌ను ముట్టుకోను. అదే సైట్‌ను నా ఫోన్‌లో తెరుస్తాను. ఫోన్‌లో తెరుచుకుందంటే సైట్ బాగానే ఉన్నట్టు, రోగం మన పెట్టెలో ఉన్నట్టు. తెరుచుకుంది, బొమ్మలతో సహా.

“యాదగిరీ, సర్వర్ నీకన్న ముందే లేచి స్నానం చేసి కూసున్నది గదరా,” అన్నాను.

వాడి మొహం మారింది. షాపుకు వచ్చిపోయే చాలామంది చేతుల్లో ఫోన్లున్నాయి. ఒక్కరూ తెరిచి చూడలేదు. కౌన్సెలింగ్ అంటే కంప్యూటర్ పని, ఫోన్ అంటే వీడియోల పని అని మా లెక్క.

ఇక వరసగా చూసుకుంటూ వచ్చాను. బ్రౌజర్, అంటే సైట్లు చూపించే సాఫ్ట్‌వేర్, మార్చి చూశాను. అదే త్రికోణం. బ్రౌజర్ పాత పేజీలను దాచుకునే చోటును క్యాష్ అంటారు, దాన్ని ఖాళీ చేశాను. లాభం లేదు. రెండో కంప్యూటర్‌లోనూ అంతే. అప్పుడు తెర కింద మూలనున్న టైమ్ మీద నొక్కాను. టైమ్ సరిగ్గానే ఉంది. దాని మీదుగా తెరుచుకున్న క్యాలెండర్‌లో మాత్రం ఇంకా ఎండాకాలం నడుస్తోంది.

ఇక్కడ మా వైపు నెట్ సెంటర్ల అలవాటు ఒకటి చెప్పాలి. పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు చేసే సాఫ్ట్‌వేర్ కొన్నాళ్లే ఉచితంగా పనిచేస్తుంది. ఆ గడువు దగ్గర పడగానే కంప్యూటర్ తారీఖును వెనక్కి తిప్పేస్తారు. అది ఇంకా రోజులున్నాయనుకుని ఫొటోలు చేసుకుంటూ పోతుంది. దీన్ని ఎవరూ తప్పనుకోరు. కుంపటి ఆరకుండా బొగ్గులు ఎగదోసినట్టు తోస్తూనే ఉంటారు.

కానీ వెబ్‌సైట్ల కథ వేరు. ఒక్కో సైట్‌కు ఒక సర్టిఫికెట్ ఉంటుంది, మన బస్ పాస్ లాంటిది. ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా చెల్లుతుందని అందులో ఉంటుంది. కౌన్సెలింగ్ సైట్ వాళ్లు ఈమధ్యే కొత్త పాస్ తీసుకున్నారు. ఎండాకాలంలోనే ఆగిపోయిన యాదగిరి కంప్యూటర్ ఆ పాస్‌ను చూసి, ఇది ఇంకా మొదలే కాలేదని గడపలోనే ఆపేసింది. మిగతా సైట్ల పాసులు పాతవి కాబట్టి అవి తెరుచుకున్నాయి.

తారీఖు సరిచేశాను. పేజీ వచ్చేసింది. బాలమ్మ లేచి తెరకు దండం పెట్టింది. శిరీష వచ్చి కూర్చుని తన నంబరు కొట్టింది. తెర మీద ఎర్ర అక్షరాల్లో ఒక వరస కనిపించింది. రిపోర్టింగ్ గడువు నిన్నటితో ముగిసింది, సీటు రద్దయింది.

“అయిందా బిడ్డా?” అంది తల్లి.

పిల్ల ఆ వరసను మళ్లీ చదివింది. తెర వంకే చూస్తోంది. చెప్పాల్సిన పని నా మీద పడింది. ఇన్నేళ్ల వాగుడులో ఒక్క మాట కూడా ఆ పూట పనికి రాలేదు.

“నిన్ననే ఆఖరని నీకు తెల్వదా?” అని యాదగిరిని అడిగాను.

“తెలుసన్నా. సర్వర్ డౌన్ ఉంటే గడువు పెంచుతరు గద. మస్తుసార్లు పెంచిండ్రు.”

వాడు అబద్ధం ఆడలేదు. నిజంగా అలాగే అనుకున్నాడు. కానీ ఈసారి సర్వర్ ఎక్కడా పడిపోలేదు. రాష్ట్రమంతా పిల్లలు మీట నొక్కి వెళ్లిపోయారు. అమరచింతలో ఒక ఫొటోల సాఫ్ట్‌వేర్ బతకడం కోసం హైదరాబాద్‌లో గడువెవరు పెంచుతారు?

“వనపర్తి పోయి చేపిచ్చుకుంట అంటే, ఏడికి పోయినా గంతే, సర్వర్ హైదరాబాద్‌ల ఉంటది అంటివి గదయ్యా,” అంది బాలమ్మ. అరవలేదు. అరిచి ఉంటే యాదగిరికి కొంచెం తేలికయ్యేది.

అప్పుడు శిరీష నోరు విప్పింది. “గా ఎర్ర బొమ్మ కింద మీ గడియారం ఎనకకున్నదని రాసున్నదన్నా. నేను మొదటి రోజే సదివి చెప్పిన.”

“మరి?”

“ఈ అన్న గోడ గడియారం చూసిండు. రెండిట్ల ఒకటే టైమ్ ఉన్నది. మిషన్ సంగతి నాకు చెప్పకు, పోయి సదువుకో అన్నడు.”

జబ్బేమిటో కంప్యూటరే రాసి చూపించింది. పదహారేళ్ల పిల్ల చదివి వినిపించింది. వినాల్సినవాడు గోడ వంక చూశాడు.

ఇద్దరినీ వనపర్తి తీసుకెళ్లి కౌన్సెలింగ్ సహాయ కేంద్రంలో అడిగించాను. అక్కడి సారు ఓపికగా విన్నాడు, మంచినీళ్లు ఇప్పించాడు. ఒకసారి రద్దయిన సీటు తన చేతిలో లేదన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బాలమ్మ ఒకటే అడిగింది: పుణెకు ఫోన్ చేసి ఏమని చెప్పాలి అని.

యాదగిరి ఆ సాయంత్రం నీలం గుడ్డ పీకేశాడు. ఇకమీదట ఫొటోలే తీయనన్నాడు. కొన్నాళ్లకు నేను అటు వెళ్తే గుడ్డ మళ్లీ వేలాడుతోంది. తారీఖు కూడా మళ్లీ వెనక్కి పోయింది. కాకపోతే ఒక కంప్యూటర్‌లోనే తిప్పాడు, రెండోది కౌన్సెలింగ్ పనులకు వదిలేశాడు. మా దగ్గర బుద్ధి తెచ్చుకోవడమంటే ఈ మాత్రమే.

నా సంగతి చెప్పాలంటే, ‘సర్వర్ డౌన్’ అన్న మాటను నమ్మడం మానేశాను. కనబడనివాడి మీద నెట్టేసి చేతులు దులుపుకోవడానికి అంతకంటే వాటమైన మాట మరొకటి దొరకదు. ఎవరైనా సైట్ తెరుచుకోవడం లేదని పిలిస్తే, ఇప్పుడు ఏ సైట్ అని తర్వాత అడుగుతాను. ముందు అడిగేది, ఎవరు ఎదురుచూస్తున్నారు, వాళ్లకు ఆఖరు రోజు ఎప్పుడు అని.

ఆ ఏడే పత్తి క్రాసింగ్ రోజుల్లో గద్వాల దగ్గర ఒక టీ కొట్టు ముందు కూలీల ఆటో ఆగి ఉంటే అందులోంచి శిరీష దిగింది. విత్తనాల పత్తి చేలలో ఒక మొక్క పువ్వు పుప్పొడిని ఇంకో మొక్క పువ్వుకు అంటించే పని అది, తెల్లారకముందే మొదలవుతుంది. ఆమె వేళ్ల కొసలు పచ్చగా ఉన్నాయి. టీ గ్లాసు అందుకుంటూ నన్ను గుర్తుపట్టింది. నాకు చేతనైన పనే చేశాను. నవ్వించబోయాను.

“పరేషాన్ గాకు చెల్లె. నన్ను చూడు, ఎనిమిదో తరగతిల్నే బడి ఇడిచి ఉరికిన. పంతులు ఎంటబడ్డా దొరకలే. ఇప్పుడు బతుకుతలేనా?”

ఆమె గ్లాసులో మిగిలిన టీ నేల మీద పారబోసి, గ్లాసు బల్ల మీద పెట్టింది.

“నువ్వు సదువు వద్దని ఉరికినవన్నా. నేనెప్పుడు వద్దన్న?”