వినుకొండ మెషిన్‌కు ఇద్దరు చుట్టాలు

వినుకొండలో ఒక మిల్లింగ్ మెషిన్ కొన ఊపిరితో ఉందని, మెషిన్లు బాగుచేసే మా బెజవాడ ఆఫీసుకు ట్రంకాల్ వచ్చింది. మామూలు మెషిన్ కాదు, సి.ఎన్.సి. మనం అంకెలు చెబితే ఆ అంకెల ప్రకారం తనంతట తానే ఇనుమును చెక్కే రకం. ఇలాంటివి అప్పటికి మా జిల్లాల్లో వెతికినా దొరికేవి కావు. ఎక్కడో పెద్ద ఫ్యాక్టరీ వాళ్ళు బాగా వాడుకుని, కొత్తది రాగానే దీన్ని వేలం వేస్తే, దేవసహాయం అనే ఆయన కొని వినుకొండ తెచ్చుకున్నారు.

మా ఆఫీసు కుర్రవాడు అప్పటికే రెండుసార్లు వెళ్ళొచ్చాడు. రెండుసార్లూ మెషిన్ వాడి ముందు బంగారంలా నడిచింది. వాడు బస్సెక్కగానే మళ్ళీ మొండికేసింది. "జబ్బేమీ లేదు సార్, అదంతా వేషాలు" అన్నాడు వాడు. నేను వెళ్తే ఆ వేషాలు సాగవని అందరి ముందూ అన్నాను. నోరు జారడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య అని మా ఆవిడ అంటూ ఉంటుంది.

ఫిబ్రవరి చివర, పత్తి మిల్లులు ఇంకా తిరుగుతున్న, మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజులు. తెల్లవారుతుండగా బెజవాడలో బస్సెక్కాను. బ్యారేజీ దాటి తాడేపల్లి వచ్చేసరికి కృష్ణమ్మ మీద మంచు ఇంకా విడలేదు. గుంటూరు పొలిమేరలో మిర్చి లారీల వెనక పడ్డాం. ముందు డ్రైవరు తుమ్మాడు, తర్వాత కండక్టరు తుమ్మాడు, ఆ తర్వాత వరసగా సీటు సీటుకూ పాకింది. ఆ కాలంలో అటు వెళ్ళేవాళ్ళు టికెట్ మరిచినా ఫరవాలేదు గానీ తువ్వాలు మరవకూడదు.

గుంటూరులో మీటర్ గేజ్ పాసింజరు ఎక్కాను. చిన్న పెట్టెలు, చెక్క బల్లలు. దారిలో ఎవరైనా చెయ్యెత్తినా ఆగేలా ఉంటుంది. కిటికీ పక్కన కూర్చుని పనిముట్ల పెట్టె కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి వంగి, వేలి కణుపుతో ఆ పెట్టెను రెండుసార్లు కొట్టి చెవి ఒగ్గి విన్నాడు.

"మంచి రేకండీ. ఇప్పుడు ఇట్టాంటిది రావట్లా" అన్నాడు.

పేరు మస్తాన్ అని, పాత ఇనుము వ్యాపారమని చెప్పాడు. అలవాటు కొద్దీ కిటికీ చువ్వనూ బల్ల కాలునూ కూడా కొట్టి చూశాడు. రైలును ఇంకా అమ్మకానికి పెట్టలేదని నేనంటే, "పెడితే ముందు నాకే కబురొస్తదిలెండి" అని నవ్వాడు.

నరసరావుపేటలో రైలు తీరిగ్గా ఆగింది. స్టేషన్ బయట ఇడ్లీలు కొనుక్కొచ్చాను. కారప్పొడి మీద నెయ్యి కూడా వేశారు, అటు వెళ్తే తప్పక తినండి. మస్తాన్ గారు ఇంటి నుంచి తెచ్చుకున్న అట్ల మూట విప్పి సగం నా ఆకులో పెట్టాడు. ఎక్కడిదాకా అని అడిగాను.

"వినుకొండండీ. అక్కడ ఏదో మిషనుందంట. అంకెలు చెబితే పనిచేసేదంట. ఇప్పుడు అంకెలు మర్చిపోయిందంట. తూకానికి ఇచ్చేస్తామని కబురెట్టారు. సాయంత్రానికి లారీ కూడా చెప్పొచ్చా."

ఇడ్లీ ముక్క నోటి దాకా వచ్చి ఆగిపోయింది. నేనూ దాని కోసమే వెళ్తున్నానని చెప్పాను. ఆయన నన్నూ నా పెట్టెనూ కాసేపు చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అయితే ఇద్దరం ఒకింటి చుట్టాలమేనండీ. ముందు మీరు చూడండి. మీ వల్ల కాకపోతే నే చూస్తా."

రోగి దగ్గరకు డాక్టరూ కాటికాపరీ ఒకే బండిలో వెళ్ళడం ఎక్కడైనా ఉంటుందో లేదో. మేం మాత్రం వినుకొండలో దిగి ఒకే రిక్షా ఎక్కాం. రిక్షా అతను ఎక్కడికని అడిగితే ఇద్దరం ఒకేసారి ఒకే చిరునామా చెప్పాం.

షెడ్డు ఊరి చివర, ఒక పక్క పత్తి గోదాము, ఇంకో పక్క మిర్చి లారీలు పోయే మట్టిరోడ్డు. గాలి వీస్తే ఇటు నుంచి దూది, అటు నుంచి కారం. వెనకే ఇల్లు. దేవసహాయం గారు ఇస్త్రీ చొక్కాతో గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. నలభై దాటిన మనిషి. మమ్మల్నిద్దర్నీ కలిపి చూసి తలవంచుకున్నారు.

"రెండు చోట్లకీ కబురు పెట్టింది నేనే సార్. బతికితే మీ చేతుల్లో పెడదామని, పోతే ఈయన చేతుల్లో పెడదామని" అన్నారు.

సంగతేమిటంటే, దర్శిలో పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు వాళ్ళు బేరింగులు కూర్చోబెట్టే ఇనుప దిమ్మలు చెయ్యమని ఈయనకు పని ఇచ్చారు. సగం కూడా కాలేదు. సాయంత్రం జీపు వస్తుంది. అప్పటికి దిమ్మలు సిద్ధంగా ఉంటే ఏడాది పొడుగునా పని వీళ్ళకే. లేకపోతే ఆ పని కోయంబత్తూరు పోతుంది. మెషిన్ తూకానికి పోతుంది. ఇన్నేళ్ళూ ఇంకొకరి షెడ్డులో ఆయిల్ ఇంజన్లు బాగుచేసి, ఉన్నదంతా ఊడ్చి ఈ మెషిన్ కొన్న దేవసహాయం గారు మళ్ళీ ఆ షెడ్డుకే వెళ్ళి పని అడగాలి.

"ఆ ఓనరు రమ్మనే అంటన్నాడు సార్. నవ్వుతా అంటన్నాడు. అదే బాధ" అన్నారాయన.

మెషిన్ తలంటు పోసినట్టు మెరిసిపోతోంది. దాని జబ్బు విన్నాను. పొద్దున శుభ్రంగా నడుస్తుంది. మధ్యాహ్నం అయ్యాక ఎర్ర దీపం వెలిగి ఆగిపోతుంది. ఆ దీపం అన్ని రోగాలకూ ఒక్కటే, ఏ రోగమో చెప్పదు. మర్నాడు పొద్దున మళ్ళీ ఏమీ ఎరగనట్టు లేస్తుంది.

చొక్కా విప్పి పనిలోకి దిగాను. మెషిన్ వెనక బీరువా లాంటి పెట్టె ఉంటుంది, దాని మెదడంతా అందులోనే. కింద ఫ్యాను గాలిని లోపలికి లాగుతుంది, పైన సందుల్లోంచి వేడి బయటికి పోతుంది. ఫ్యానుకు అడ్డంగా ఉన్న జల్లెడ తీసి దులిపాను. దూదీ ఎర్ర దుమ్మూ కలిసి లేచాయి. ముగ్గురం తుమ్మాం. మస్తాన్ గారు తుమ్ముల మధ్య కూడా మెషిన్ కాళ్ళను వేలితో కొట్టి చూస్తూనే ఉన్నాడు.

తీగలు, బిగింపులు, నూనె గొట్టాలు అన్నీ చూశాను. అంతా సవ్యంగానే ఉంది. మెషిన్ నడిపాం. గంట దాటింది, మధ్యాహ్నం కూడా అయింది. దిమ్మ వెనక దిమ్మ వస్తోంది. ఎర్ర దీపం జాడ లేదు. దేవసహాయం గారి ముఖం వెలుగుతుంటే నా ముఖం వాడిపోతోంది. బాగుచెయ్యకుండా బాగైన జబ్బు మళ్ళీ వస్తుందని నాకు తెలుసు. ఆఫీసులో కోసిన కోతలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

ఇంతలో దేవసహాయం గారి భార్య సువార్తమ్మ గారు భోజనాలకు పిలిచారు. మెషిన్‌ను పనిలోనే ఉంచి, "మీరు పదండి సార్, నే వస్తన్నా" అని ఆయన ఒక్క నిమిషం వెనక ఆగారు.

గోంగూర, నాటుకోడి పులుసు, పండుమిరప పచ్చడి. తినే ముందు సువార్తమ్మ గారు ప్రార్థన చేశారు. మెషిన్ కోసం చేశారు, నా కోసం చేశారు, మస్తాన్ గారి వ్యాపారం చల్లగా ఉండాలని కూడా చేశారు. ఆయన వ్యాపారం చల్లగా ఉంటే మెషిన్ గతేమిటో ఆవిడ ఆలోచించినట్టు లేదు. మస్తాన్ గారు అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు. పులుసు సంగతి నేను రాయను, రాస్తే మా ఆవిడ చదువుతుంది.

పెరుగన్నం దగ్గర ఉండగా షెడ్డులో చప్పుడు ఆగిపోయింది. దేవసహాయం గారు చెయ్యి కడగకుండానే పరుగెత్తారు. వెనకే మేం. ఎర్ర దీపం వెలుగుతోంది.

పొద్దుట్నుంచీ నేను చూసిన మెషిన్ అక్కడ లేదు. వెనక పెట్టె మీద పై నుంచి నేల దాకా ఒక ముసుగు కప్పి ఉంది. దూది కూరి బొంతలా కుట్టిన నీలం గుడ్డ, అంచులకు కుచ్చులు, మధ్యలో ఎదురెదురుగా రెండు ఆకుపచ్చ చిలకలు. మన ఇళ్ళలో రేడియోకూ కుట్టుమిషనుకూ వేసే ముసుగే, కాకపోతే ఇది బీరువా సైజు.

"ఇదెప్పటి నుంచి?" అని అడిగాను.

"మెషిన్ వచ్చిన వారం నుంచి సార్. మధ్యాన్నం లారీలు మొదలవుతయ్. దుమ్ము పడితే పాడవుద్దని మా ఆవిడ రాత్రింబగళ్ళు కూర్చుని కుట్టింది."

"మరి పొద్దున లేదే?"

"మీరొస్తన్నారని తీసేశాం సార్. మొన్న మీ ఆఫీసు అబ్బాయి వచ్చినప్పుడూ తీశాం. డాక్టరు ముందు మనిషిని ముసుగేసి కూర్చోబెడతామా?"

ముసుగు ఎత్తి లోపల చెయ్యి పెట్టాను. ఇడ్లీ పాత్ర మూత తీసినట్టుంది. మస్తాన్ గారు కూడా చెయ్యి పెట్టి వెంటనే తీసేసుకున్నాడు. కింద ఫ్యాను మూసుకుపోయింది, పైన సందులు మూసుకుపోయాయి, మధ్యలో పెట్టె ఉడికిపోతోంది. వీళ్ళు దాన్ని ఇంటిపిల్లలా చూసుకుని, మార్గశిరపు చలిలో కప్పినట్టు కప్పి, రోజూ ఊపిరాడనివ్వకుండా చేస్తున్నారు. కోప్పడదామనుకున్నాను, నవ్వొచ్చింది. సువార్తమ్మ గారి ముఖం చూశాక నవ్వు కూడా పోయింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చిలకల వంక చూస్తున్నారు.

"నేనే చంపుతున్నానా దీన్ని?" అన్నారు మెల్లగా.

"లేదమ్మా. దుమ్ము భయం నిజమే. గాలి మూయకుండా దుమ్ము ఆపాలి, అంతే. దానికీ మీ కుట్టే కావాలి" అన్నాను.

ఉతికి ఉతికి పలచబడిన మల్లు పంచె ఒకటి తెచ్చారు. ఫ్యాను ముందుండే చట్రానికి సరిపడా కొలత ఇస్తే, నాడాలు పెట్టి, విప్పి ఉతుక్కునేలా రెండు తొడుగులు కుట్టారు. ఒకటి వేసి ఉంటే ఒకటి ఆరుతుంది. పైన సందుల మీద చేప పొలుసుల్లా వాలే రేకు ముక్కలు బిగించాను, వేడి పోతుంది, దుమ్ము పడదు. ఈలోగా పెట్టె చల్లారింది.

మళ్ళీ నడిపాం. లారీలు మొదలయ్యాయి. ఒక్కో లారీ వెళ్ళినప్పుడల్లా మేం నలుగురం తుమ్ముతూ ఎర్ర దీపం వంక చూస్తున్నాం. గంట దాటింది. సువార్తమ్మ గారి చెయ్యి ముసుగు వైపు వెళ్ళి వెళ్ళి వెనక్కి వచ్చేది, అలవాటు అంత తొందరగా పోదు. "నాకు నష్టమొచ్చే పనికి నేనే దువా చేస్తన్నా, చూడండి" అని మస్తాన్ గారు గొణుక్కున్నాడు.

పొద్దు వాలుతుండగా దర్శి జీపు వచ్చింది. మిల్లు మనిషి కొత్త బేరింగు ఒకటి జేబులోంచి తీసి, దిమ్మ దిమ్మలోనూ పెట్టి చూశాడు. ఆఖరి దిమ్మ ఇంకా వెచ్చగానే ఉంది, చల్లారేదాకా కూర్చుని అందులోనూ పెట్టి చూశాడు. తర్వాత, "వచ్చే నెలవి ఎప్పుడిస్తారు?" అని మాత్రం అడిగాడు. దేవసహాయం గారు జవాబు చెప్పి, కుళాయి దగ్గరకు వెళ్ళి చాలాసేపు ముఖం కడుక్కున్నారు. నాకూ కళ్ళు చెమర్చాయి. కారం వంక ఉంది కదా అని దాచుకోలేదు.

మస్తాన్ గారి లారీ కూడా వచ్చింది. పాత ఆయిల్ ఇంజను ముక్కలేవో ఎక్కించి పంపేశారు. ఆయన మాత్రం నాతో గుంటూరు బస్సెక్కుతానన్నాడు. వచ్చిన చుట్టాన్ని వట్టి చేతులతో పంపకూడదని, సువార్తమ్మ గారు నాకు ఎండుమిరపకాయల మూట ఇచ్చారు. ఆయనకు చిలకల ముసుగు మడిచి ఇచ్చారు. "ఇంట్లో ఉంటే మళ్ళీ చెయ్యి ఊరుకోదన్నా, తీసుకుపో" అన్నారు.

తిరుగు బస్సులో దారి పొడుగునా కల్లాలు ఎర్రగా, సాయంత్రపు వెలుగులో ఇంకా ఎర్రగా కనిపించాయి. వినుకొండ ప్రయాణం గురించి ఎవరడిగినా బాగుంటుందనే చెబుతాను. ఇడ్లీ బాగుంటుంది, పులుసు బాగుంటుంది, మనుషులు మరీ బాగుంటారు. బెజవాడ నుంచి నేను జబ్బును వెతుక్కుంటూ వచ్చాను. తీరా చూస్తే అక్కడ ఉన్నది ఆపేక్ష. దానికి కాస్త గాలి సందు పెట్టి వచ్చాను.

మస్తాన్ గారు ముసుగును ఒళ్ళో పెట్టుకుని చిలకల్ని నిమురుతూ కూర్చున్నాడు. ఇంత ఇనుము చేజారినా ఆయన ముఖంలో చీకూచింతా లేదు.

"దీన్నేం చేస్తారు?" అని అడిగాను.

"మొన్నే కొత్త టీవీ కొన్నామండీ. ఆదివారం వస్తే వీధి వీధంతా మా ఇంట్లోనే. దుమ్ము పడతందని మా ఆవిడ గోల" అన్నాడు. "వెనకా ముందూ మొత్తం కప్పేస్తా."

నేను జేబులోంచి మా ఆఫీసు కార్డు తీసి ఆయన చేతిలో పెట్టాను.