బొంబాయికి ఒక పుస్తకం

మా బావ స్కూటరు మీద నుంచి పడ్డాడు. మామిడికాయల లారీకి దారి ఇవ్వబోయి, రోడ్డు పక్క ఇసుకలో జారి, కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. చిత్తూరులో ఎముకల డాక్టర్లకు కొదవ లేదు. ఆయన మాత్రం నేరుగా పుత్తూరుకు పోయి, ఆకుపసరు, కోడిగుడ్డు సొన పూసిన కట్టు కట్టించుకుని వచ్చాడు. నెల దాటేదాకా చెయ్యి కదపరాదన్నారు. దానికి ఎవరూ పెద్దగా బాధపడలేదు. బాధంతా టికెట్ల గురించే. ఆయనకూ మా అక్కకూ బొంబాయికి రైలు టికెట్లు తీసి ఉన్నాయి.

అక్కకు చిత్తూరు బజారువీధిలో బ్లౌజు గుడ్డల అంగడి ఉంది. ఆమె చూసిన అతి పెద్ద ఊరు మద్రాసు, అదీ సరుకు కోసం. బావ పెళ్ళికి ముందు కొన్నేళ్ళు బొంబాయిలో ఒక గుడ్డల కొట్టులో పని చేశాడు. పెళ్ళయినప్పటి నుంచీ అన్నం ముందు కూర్చుంటే బొంబాయి మాటే. ఊరికే వినీ వినీ విసిగిన అక్క, అంత గొప్ప ఊరైతే ఒకసారి చూపించమంది. ఆయన సరేననడానికి పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు అన్నీ అయిపోవాల్సి వచ్చింది.

ఇప్పుడు బావ టికెట్టు రద్దు చేసి, నాకు కొత్తది తీశారు. నేను తిరుపతిలో ఒక కాలేజీ ఆఫీసులో పని చేస్తాను. నాకు హిందీ పరీక్ష పాసయ్యేంత వచ్చు. ఆ పరీక్షలో ఆటోవాళ్ళతో మాట్లాడమని అడగలేదు.

బావ రోజూ ఫోన్లో మాకు దారులు చెప్పేవాడు. "స్టేషను దిగినాక ఎడమ పక్కకి తిరగండి. ఆడ ఒక ఇరానీ హోటలు ఉంటాది. దాని యెనక సందులో పోతే మా కొట్టు." అన్ని దారులూ చివరికి ఆ కొట్టుకే చేరేవి. మూడో రోజో నాలుగో రోజో అక్క విడిగా నాకు ఫోను చేసింది.

"మే, ఈయన చెప్పే బొంబాయి ఇంకా ఉండాదో లేదో. ఒక పుస్తకం కొందాం."

"ఫోన్లో చూసుకోవచ్చులే అక్కా. లాడ్జీలు, హోటళ్ళు అన్నీ ఉంటాయి, జనం ఇచ్చిన నక్షత్రాలతో సహా."

"ఆ నక్షత్రాలు నాకు తెలుసులే. మా వీధి చివర టిఫిన్ కొట్టుకి అయిదు నక్షత్రాలు ఉండాయి. అందులో అయిదు నేనే ఇచ్చినా. వాళ్ళ కోడలు నా పక్కనే నిలబడి ఉండె."

మర్నాడే బస్సెక్కి తిరుపతికి వచ్చింది.

బస్టాండు దగ్గర పుస్తకాల అంగడికి తీసుకుపోయాను. స్తోత్రాలు, పంచాంగాలు, వాటి పక్కన గైడు పుస్తకాలు దొంతులుగా ఉన్నాయి. తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, మరాఠీ. అన్నీ తిరుపతికే. బొంబాయికి ఏమైనా ఉందా అని అడిగితే అంగడాయన మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"ఈడికి వచ్చేవాళ్ళకే అమ్మతామమ్మా. ఈడనుంచి పొయ్యేవాళ్ళు ఎవురూ అడగరు."

ఆయనే రైల్వే స్టేషను దిక్కున, మేడ మీద ఉన్న ఇంకో అంగడి చెప్పాడు. అక్కడ నిండా పోటీ పరీక్షల పుస్తకాలు. అడుగు అరలో, బ్యాంకు పరీక్షల కింద, తక్కువ ఖర్చుతో ఇండియా తిరిగేవాళ్ళ కోసమని రాసిన ఇంగ్లీషు పుస్తకాలు రెండు దొరికాయి. ఒకటి లావుది, అట్ట మీద మూటలు మోస్తున్న ఇద్దరు తెల్లవాళ్ళు. ఇంకోటి సన్నది, అట్ట మీద తాజ్‌మహల్, ఏనుగు, సముద్రం ఒకేచోట. నేను రెండింట్లోనూ బొంబాయి పేజీలు తీసి చదవబోయాను.

"బొంబాయి గురించి వాడు ఏం రాసినా మనకేం తెలుస్తాది?" అంది అక్క. "తిరుపతి గురించి ఏం రాసినాడో సదువు."

నాకు అది తోచలేదు. సన్న పుస్తకంలో తిరుపతి చదివాను. పవిత్రం, ప్రశాంతం, చుట్టూ ఆహ్లాదం. చిత్తూరు గురించి కూడా ఒక వాక్యం ఉంది: మామిడి తోటల నడుమ నిద్రపోతున్న చల్లని పట్టణం.

"ఏ నెలలో వచ్చినాడంట?" అంది అక్క.

లావు పుస్తకంలో తిరుపతి గురించి, కింది ఊళ్ళో ఆగి చూడాల్సినది పెద్దగా లేదని, అందరూ కొండకే పోతారని, రాత్రంతా బస్సుల హారన్లు వినిపిస్తాయని ఉంది. చిత్తూరు పేరు బస్సులు పోయే ఊళ్ళ వరసలో మాత్రమే ఉంది. పుట్టిన ఊరికి ఒక్క మాట కూడా దక్కలేదని అక్క నొచ్చుకుంటుందేమో అనుకున్నాను. ఆమె తల ఊపింది.

"వీడు నిజంగా వచ్చినట్టుండాడు. కానీ ఇంగా చూడాల."

రెండు పుస్తకాలూ తిరుపతిలో చవక లాడ్జి ఒక్కోటి చెప్పాయి. ఆ పేజీలు ఫోన్లో ఫొటో తీసుకున్నాం. మళ్ళీ వస్తామన్నాం. ఆ మాట నమ్మిన మొహం ఆ అంగడాయనది కాదు.

సన్న పుస్తకం చెప్పిన లాడ్జి ఉండాల్సిన చోట స్కానింగు సెంటరు ఉంది. వాచ్‌మన్ లేచి తలుపు తీశాడు.

"పరగడుపున వచ్చినారా అమ్మా?"

"లేదప్పా, తినే వచ్చినాం," అంది అక్క. ఆయన, అయితే రేపు రమ్మని తలుపు వేశాడు.

లావు పుస్తకం చెప్పిన లాడ్జి మాత్రం చోటు మారలేదు. గదులు చీకటి, దుప్పట్లు శుభ్రం, మనుషులు ముభావం అని పుస్తకం అంది. కౌంటర్లో ఒకాయన తలెత్తకుండానే ఆధార్ కార్డు అడిగాడు. ఇచ్చాను.

"తిరుపతోళ్ళకి రూము ఇయ్యం."

అక్క తన కార్డు తీసి పెట్టింది.

"చిత్తూరా? బస్సులుండాయి కదమ్మా, ఇంటికి పోండి."

"రూము వద్దప్పా. ఒక్కసారి దుప్పటి చూసి పోతాం."

ఆయన అప్పుడు తలెత్తాడు. చాలాసేపు అక్కను చూసి, తాళం తీసుకుని, ఒక్క మాట మాట్లాడకుండా మెట్లెక్కాడు. మేమూ వెనకే ఎక్కాం. గదిలో లైటు వేస్తే గానీ మంచం కనపడలేదు. అక్క దుప్పటి అంచు వేళ్ళ మధ్య నలిపి చూసింది, తిరగేసి చూసింది, వాసన చూసింది.

"బాగా ఉతికినారు," అంది.

ఆయన లైటు ఆర్పేశాడు. మెట్లు దిగుతూ అక్క నా చెవిలో అంది: "అంతా రాసినట్టే ఉండాది. మనిషితో సహా."

లావు పుస్తకం కొన్నాం.

బొంబాయిలో అది చెప్పిన లాడ్జిలోనే దిగాం. గదికి కిటికీ లేదని ముందే రాశాడు. నిజంగానే లేదు. అక్కకు ఆ రాసినాయన మీద పూర్తి నమ్మకం కుదిరింది. ఫలానా బజారులో మొదట చెప్పే ధర పట్టించుకోవద్దన్నాడు, పట్టించుకోలేదు. లోకల్ రైలు పొద్దునపూట ఎక్కవద్దన్నాడు. ఆ మాట ఒక్కరోజు వినలేదు. దిగాల్సిన స్టేషన్లో దిగలేకపోయాం. తర్వాతి స్టేషన్లో జనమే మమ్మల్ని దింపారు. ప్లాట్‌ఫారం మీద జడ సర్దుకుంటూ అక్క, "చెప్పినాడు కదమ్మే," అంది, ఇంట్లో పెద్దవాళ్ళ మాట మేము జవదాటినట్టు.

తిండి దగ్గర మాత్రం ఆయన తేలిపోయాడు. ఒక హోటల్లో కూర విపరీతమైన కారమనీ, అలవాటు లేనివాళ్ళు జాగ్రత్తనీ రాశాడు. అక్క ఆశగా తెప్పించుకుంది. ఒక ముద్ద తిని, పచ్చిమిరపకాయలు అడిగింది. అవి కొరుక్కుంటూనే అన్నం ముగించింది.

"పాపం, కారం సంగతిలో వీడు సంటిబిడ్డ," అంది. ఆ తర్వాత ఆయన కారమన్నవన్నీ తిన్నాం, మామూలన్నవి మానేశాం.

బావ రోజూ రెండుసార్లు ఫోను చేసేవాడు. సముద్రం ఎలా ఉందని అడగలేదు. "కొట్టు చూసినారా?" అని అడిగేవాడు. ఆ కొట్టు పుస్తకంలో ఉండే అవకాశం లేదు. చివరి రోజు మధ్యాహ్నం, లావు పుస్తకంలో పటం చేతిలో, బావ ఫోన్లో చెప్పే గుర్తులు చెవిలో పెట్టుకుని వెతికాం. సందు దొరికింది. దారిలో ఎదురైన ముసలాయన ఒకరికి కొట్టు పేరు చెబితే, చేత్తో ఒక అద్దాల మేడ చూపించి వెళ్ళిపోయాడు.

కొట్టు ఉందని అబద్ధం చెప్పేయమని నేను సైగ చేశాను. అక్క నా వైపు చూడలేదు.

"కొట్టు లేదు," అంది ఫోన్లో. "ఆడ ఇప్పుడు బ్యాంకు ఉండాది."

"ఏ బ్యాంకు?" అన్నాడు బావ.

అక్క బోర్డు చూసి చెప్పింది. తర్వాత ఆయన, మెట్లు రాతివా సిమెంటువా అని అడిగాడు. అక్క రోడ్డు దాటి పోయి చూసింది. కింది రెండు మెట్లు పాత నల్లరాయివి, ఆ పై మెట్లకు కొత్త టైల్సు. ఆ సంగతి చెప్పింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక కుర్రాళ్ళమంతా ఆ రాళ్ళ మీదే కూర్చునేవాళ్ళమని బావ చెప్పాడు. ముప్పయ్యేళ్ళ కాపురంలో కొట్టు గురించి అంత విన్నా, కూర్చునే చోటు సంగతి ఆమె వినడం అదే మొదటిసారట.

అక్క చీర కుచ్చిళ్ళు సర్దుకుని కింది మెట్టు మీద కూర్చుంది. బ్యాంకు గార్డు వచ్చి హిందీలో ఏదో అన్నాడు. నాకు వచ్చిన హిందీలో, ఈమె భర్త ఇక్కడ పని చేసేవాడని చెప్పాను. ఏ బ్రాంచిలో అని అడిగాడు. నా హిందీ అక్కడితో అయిపోయింది. ఆయన తన కుర్చీలోకి పోయి కూర్చున్నాడు.

అక్క ఫోను చెవి నుంచి తీయలేదు. "ఎండగా ఉండాది," అని చెబుతోంది. "ఊ, కూసున్నా. చెప్పు. ఎవురెవురు ఉండేవాళ్ళు?"

నేను ఎదురుగా నీడలో నిలబడి ఇద్దరికీ టీ చెప్పాను. నా టీ అయిపోయింది. అక్క టీ చల్లారింది. ఆమె ఇంకా వింటూనే ఉంది.