అంబ్రెల్లా అంటే బుడ్డ నీడ

మా పల్లె సంతలో ఆడవాళ్ల వరస మీద రేకులు వేయడానికి ఇనుప స్తంభాలు నిలబెట్టిన రోజే, టీచరమ్మ పోయిందన్న కబురు వచ్చింది. పుంగనూరు బస్సు దిగిన చిక్కుడుకాయల ఆమె గంప కూడా దించకుండా నా ముందు నిలబడింది. "అక్కా, టీచరమ్మ పోయినాదంట. తెల్లారేలోపల నిద్దర్లోనే." నేను కొత్తిమీర మీద నీళ్లు చల్లుతున్నాను. చల్లుతూనే ఉన్నాను. ఆపాలని చేతికి తోచలేదు. ముందు నాకు కోపం వచ్చింది. రేకులు వేసినాక వచ్చి మాతోబాటు కింద కూర్చుంటానని మాట ఇచ్చిన మనిషి, సరిగ్గా స్తంభాలు లేచిన రోజు చూసుకుని వెళ్లిపోవడమేమిటి?

కోపం దిగాక బస్సెక్కి పుంగనూరు పోయి చూసి వచ్చాను. ముఖం నిదానంగా ఉంది.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. పుస్తకాల తెలుగులోకి సర్దుతానంది. సర్దుకోనీ. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నట్టే ఉంచమన్నాను. ఆ రేకులు ఎవరు వేయించారంటే సంతలో తలా ఒక పేరు చెబుతున్నారు. అది నాకు పడదు. జరిగింది చెబుతాను, వినండి.

టీచరమ్మది కుప్పం. మదనపల్లెలో ఏళ్ల తరబడి ఇంగ్లీషు పాఠాలు చెప్పి, రిటైరయ్యాక పుంగనూరులో ఉండేది. ఆకుకూర కోసం వారం వారం మా సంతకు వచ్చేది. ఎర్రటి ఎండలో నల్ల గొడుగు వేసుకుని, చెప్పుల్లో దుమ్ము దులుపుకుంటూ వచ్చేది. మాకందరికీ అది నవ్వులాట.

"ఏమమ్మా, మబ్బు తునక లేదే, యాల ఈ గొడుగు?" అని మొదట ఎగతాళి చేసింది నేనే.

"వానకు పట్టింది ఇంగ్లీషోళ్లమ్మా. అంబ్రెల్లా అనే మాట పుట్టింది ఎండకే," అని నా గోనెపట్ట మీదే చతికిలబడింది.

ఇటలీ అని ఒక దేశం ఉందట. అక్కడి మాటలో 'ఓంబ్రా' అంటే నీడ. దానికి ముద్దుగా ఒక తోక తగిలిస్తే 'ఓంబ్రెల్లా'. "అంటే ఏమనుకో, బుడ్డ నీడ," అంది. అక్కడ గుర్రాల మీద పోయేవాళ్లు ఎండ తగలకుండా దాన్ని పట్టుకునేవారట. నాలుగు వందల ఏళ్ల కిందట ఆ మాట ఇంగ్లీషువాళ్ల దేశం చేరింది. అక్కడ ఎండకంటే ముసురే ఎక్కువ. అందుకని నీడ మాటను వానకు వాడుకున్నారు. మొదట్లో గొడుగు వేసుకున్న మగవాణ్ణి చూసి వీధుల్లో వెక్కిరించేవారట.

"సూస్తివా, నీ మాదిరోళ్లు ఆడా ఉండారు," అంది నన్ను చూసి.

"అట్లయితే నా కొత్తిమీర మీద కప్పిన ఈ తడిపట్ట?"

"అదీ అంబ్రెల్లానే."

"నా నెత్తిమీద కొంగు?"

"అదీ."

మరోసారి పుంగనూరులో మనవరాలికి లంగా కుట్టించబోతే, టైలరు "అంబ్రెల్లా కటింగా అమ్మా?" అని అడిగాడు. టీచరమ్మతో చెబితే కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. "తిరిగితే గొడుగు మాదిరి పరుసుకుంటాది కదమ్మా. యాడో గుర్రాల మీద పుట్టిన మాట ఈడికొచ్చి లంగా అయిపాయ!"

ఆమెకొక అలవాటు. ఎవరినీ తప్పన్నది నేను వినలేదు. ఎవరు తడబడినా "నువ్వేమనుకున్నావు, అది చెప్పు ముందు," అనేది. నేను అలా కాదు. ముందు అరుస్తాను, తర్వాత వింటాను.

ఒక వేసవిలో నా పక్కన కూర్చునే మజ్జిగ ఆమె కళ్లు తిరిగి కుండ మీదే పడిపోయింది. ఇక ఊరుకోకూడదని నలుగురం మండలం ఆఫీసుకు పోయాం. మా వరస మీద నీడ కావాలన్నాం. అక్కడి ఆఫీసరు మర్యాదగానే మాట్లాడాడు. "మీది అంబ్రెల్లా స్కీము కిందికి వస్తాదమ్మా. అయిపోతాది, పోండి," అన్నాడు.

ఇంకేముంది, గొడుగులు వస్తున్నాయని సంతంతా చెప్పేశాను. చిక్కుడుకాయల ఆమె పూల గొడుగు కావాలంది. మజ్జిగ ఆమె కుండకు కూడా ఒకటి అడగమంది. వేసవి పోయింది, వానలు పోయాయి, గొడుగులు రాలేదు. మళ్లీ నేనొక్కదాన్నే పోయి, "మా గొడుగులు యాడప్పా?" అని గట్టిగా అడిగాను. ఆఫీసంతా నవ్వు. రకరకాల పనులను కలిపి ఒకే పథకం కిందికి తెస్తే దాన్ని అంబ్రెల్లా అంటారట. అందులో గొడుగులుండవట. నా జన్మలో అంత చిన్నబోలేదు.

ఆ వారం టీచరమ్మ రాగానే మీద పడ్డాను. "నీ బుడ్డ నీడ పాడుగాను! నలుగుర్లో నా మానం పాయ."

ఆమె నవ్వలేదు. గొడుగు మడిచింది. "నువ్వేమనుకున్నావు, అది చెప్పు ముందు."

"నెత్తిన నీడ ఇస్తారనుకున్నా."

"అయితే నువ్వు సరిగ్గానే ఇన్నావు. లెయ్, పోదాం."

ఆఫీసులో ఆమె గొంతు పెంచలేదు. "సార్, మీరు చెప్పింది ఆ మాటకు కొత్త అర్థం. ఈమె పట్టుకున్నది పాత అర్థం. రెండూ ఉండాయి. మీ స్కీములో ఈమె నీడ కూడా ఉంటే ఇద్దరి మాటా నిలుస్తాది," అంది. ఆయన నవ్వి, "ఏం చెయ్యమంటారు మేడం?" అన్నాడు. "ఏం లేదు. సంత రోజు మిట్టమధ్యాహ్నం వచ్చి ఈమె కాడ తోటకూర కొనండి. నిదానంగా బేరమాడి కొనండి."

వచ్చాడు పాపం. నేనా ఊరుకునేది? ఒక్క కట్టకు ఊరి కబుర్లన్నీ చెప్పాను. ఆయన కాలు మార్చి కాలు వేస్తున్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఇచ్చెయ్ తల్లీ, పోతాను."

"యాల సామీ తొందర? కూసో. మేము సాయంత్రం దాకా ఈడే ఉంటాం."

టీచరమ్మ గొడుగు కింద నుంచి ఆయన్ను చూసి, "రండి సార్, దీంట్లో ఇంకొకరికి చోటుండాది," అంది. ఆయన వచ్చి ఆ గొడుగు కింద నిలబడి, మా వరసను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. కొన్నాళ్లకు టేపు పట్టుకుని మనుషులు వచ్చారు. ఆ తర్వాత స్తంభాలు వచ్చాయి. ఇదీ జరిగింది. వేరే పేరు ఎవరైనా చెబితే నా దగ్గరికి పంపండి.

ఆమె పోయిన మరుసటి సంతకు రేకులు బిగించారు. తీరా చూస్తే నీడ సగం వరసకే వచ్చింది. నీడలో ఎవరు, ఎండలో ఎవరు?

"నా మజ్జిగ పులిసిపోతాదే!"

"పులిస్తే పులవనీ, నా ఆకు వాడితే ఎవురు కొంటారు?"

అందరికంటే గట్టిగా అరిచింది నేనే, దాచడమెందుకు. అప్పుడు చిక్కుడుకాయల ఆమె నడుము మీద చేయి పెట్టుకుని, "మే, యాల ఒకటే వరస కూసోవాల? ఈపుకు ఈపు ఆనించుకుంటే రెండు వరసలు పట్టవా?" అంది.

పట్టాయి. గంపలు జరిగాయి, తిట్లు ఆగాయి. మజ్జిగ ఆమె వీపు నా వీపుకు ఆనింది. చెమట తడి, మనిషి వేడి, ఏదో చెబుతూ ఆమె నవ్వితే నా ఒళ్లూ కదిలింది. తలలన్నీ నీడలో, చాపిన కాళ్లన్నీ రెండు వైపులా ఎండలో. మెట్టెలు తళుక్కుమంటున్నాయి. కొనేవాళ్లు తల వంచి లోపలికి వస్తున్నారు, వచ్చినవాళ్లు తొందరగా పోవడం లేదు. ఎవరిదో పొట్టి పుంగనూరు ఆవు నడుచుకుంటూ వచ్చి, ఒళ్లంతా ఎండలోనే ఉంచి మొహం మాత్రం మా మధ్యకు పెట్టి, తోటకూర కాడలు నములుతూ నిలబడింది. ఎవరూ అదిలించలేదు.