ర్యామ్ మీద సిందూరం

మా ఇంట్లో ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే అందరికంటే ముందు నవ్వేది నేనే. స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్తాను. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందని, ఓపిగ్గా వెతికితే దొరుకుతుందని పిల్లలకు నూరిపోసేదాన్ని. అందుకే ఇది చదివి మీరు నవ్వితే నాకు కోపం రాదు. ఇది ఎవరికీ చెప్పకుండా ఇన్నాళ్ళు దాచుకున్నది మాత్రం సిగ్గుతోనే.

మాది జంషెడ్‌పూర్. ఖర్కాయ్ నదికి అవతల, ఆదిత్యపూర్‌లో ఉంటాం. మావయ్యగారు, అంటే మా ఆయన తండ్రి, శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో వచ్చి, ఇక్కడే ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరయ్యారు. ఆయన కుడిచేతి ఉంగరపు వేలు చివర ఆ మిషనే తినేసింది. అయినా ఆయన దాన్ని తిట్టగా నేనెప్పుడూ వినలేదు.

పెళ్ళయ్యాక నన్ను చదివించింది ఆయనే. కోడలికి కంప్యూటర్ చదువులెందుకని అత్తయ్య సణుగుతున్నా వినిపించుకోకుండా, పరీక్షలకు సోనారి దాకా స్కూటర్ మీద దింపి, నేను రాసి వచ్చేదాకా గేటు బయట ఎండలో కూర్చునేవారు. ఈ సంగతి ముందే చెప్పాలి. లేకపోతే నేను చేసిన పని ఎంత చెడ్డదో మీకు తెలియదు.

పోయిన ఏడాది విశ్వకర్మ పూజ నాటి సంగతి ఇది. ఈ ఊళ్ళో అది ఇనుము పట్టిన ప్రతివాడి పండగ. ఆ రోజు మిషన్లు కడిగి, పూలు వేసి, బొట్టు పెట్టి, పని ఆపేస్తారు. రిటైరయ్యాక మావయ్యగారు ఆ మర్యాద ఇంట్లో సామానుకు చేసేవారు. కుట్టుమిషను, స్కూటరు, మిక్సీ, చివరికి మా పాత కంప్యూటరు కూడా. నూనెలో కలిపిన సిందూరాన్ని అందరూ ఉంగరపు వేలితో పెడితే, ఆయన మధ్యవేలితో పెడతారు. అలవాటు లేని వేలు కదా, బొట్టు ఎప్పుడూ కుడివైపుకి వాలిపోయేది. మేమంతా ఆటపట్టించేవాళ్ళం.

ఆ కంప్యూటరుకు వయసు మీద పడింది. ఆన్ చేసి, టీ పెట్టుకుని తాగి వచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉండేది. పాత ర్యామ్ తీసేసి ఎక్కువ మెమరీ ఉన్న కొత్తది వేసి, హార్డ్ డిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ పెడితే ఇంకొన్నేళ్ళు లాక్కురావచ్చని రెండూ తెప్పించాను. నాకు సెలవు దొరికింది పూజ రోజే.

పొద్దున్నే మావయ్యగారు అన్నిటికీ బొట్లు పెట్టి, నా చేతిలో కొత్త ర్యామ్ పెట్టె చూశారు.

"ఇయ్యాల దాన్ని ఇప్పకమ్మా. రేపు చేసుకుందువుగాని."

"దాదాజీ, కంప్యూటర్ కీ భీ ఛుట్టీ?" అని, కంప్యూటరుకి కూడా సెలవేనా అన్నట్టు, మా అమ్మాయి పకపకా నవ్వింది.

"దానికి మాత్రం రెస్టు అక్కర్లేదేటి?" అన్నారాయన.

నేను కూడా నవ్వి సరేనన్నాను. ఆయన తన పాత వర్క్‌షాపులో పూజకు వెళ్ళారు. మా ఆయన అత్తయ్యనీ అమ్మాయినీ తీసుకుని తను పనిచేసే ఫ్యాక్టరీ సెక్షన్‌లో పూజకు వెళ్ళారు. వాళ్ళు గేటు దాటారో లేదో, నేను తలుపు తాళం వేసుకుని స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నాను. రేపటికి ఆగితే నా సొమ్మేం పోయేది కాదు. మూఢనమ్మకం ముందు తలవంచినట్టు అవుతుందని నాకు పంతం.

కంప్యూటరు పెట్టె మీది బొట్టులోని నూనె లోపల పడుతుందేమోనని ముందు తడిగుడ్డతో దాన్ని తుడిచేశాను. చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, పాత ర్యామ్ లాగేశాను. కొత్తది పెట్టి నొక్కితే రెండు వైపులా క్లిప్పులు పడ్డాయి. ఎస్‌ఎస్‌డీ బిగించి, విండోస్ ఎక్కించాను. కంప్యూటరు కళ్ళు మూసి తెరిచేలోగా తెరుచుకుంది. రెండు మూడుసార్లు ఆపి, ఆన్ చేసి చూసుకుని మురిసిపోయాను. పక్క మూత బిగించి, స్క్రూడ్రైవర్ను హ్యాండ్‌బ్యాగులో వేసి, బ్యాగును బీరువాలో పెట్టి తాళం వేశాను. తర్వాత తలస్నానానికి వెళ్ళాను.

మధ్యాహ్నం దాటాక మావయ్యగారు ముగ్గురు పాత స్నేహితులతో వచ్చారు. అందరూ ఒకే షెడ్డులో జీవితమంతా పనిచేసినవాళ్ళు. టీలు ఇచ్చి, నా ఘనకార్యం చూపించుకుందామని కంప్యూటరు ఆన్ చేశాను.

స్క్రీన్ వెలగలేదు. లోపలి నుంచి పొడుగ్గా బీప్, మళ్ళీ బీప్. ఆ కూతకు అర్థం ర్యామ్ అందడం లేదని. వాళ్ళంతా చూస్తుండగా బీరువా తీసి, స్క్రూడ్రైవర్ తెచ్చి, మూత విప్పి, ర్యామ్ పైకి లాగాను.

దాని మీద సిందూరం బొట్టు ఉంది. ఇంకా తడిగా ఉంది. కుడివైపుకి వాలి ఉంది. అది కూడా కంప్యూటరు లోపలి ఫ్యాన్ వైపున, ర్యామ్ బయటకు తీస్తే తప్ప వేలు దూరని చోట.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన దగ్గర ఇంటి తాళంచెవి ఇంకొకటి ఉంది. నేను స్నానానికి వెళ్ళినప్పుడు వచ్చి ఉంటారని అప్పటికప్పుడు తీర్మానించేశాను.

"ఏటిది మావయ్యా? నేను లేనప్పుడు వచ్చి ఇప్పీసారా? కొత్తదాన్ని నూనెపాలు చేసీసారు. తెలీని వాటి జోలికి ఎందుకెళ్తారు? చదువుంటే కదా తెలియడానికి!"

ఆ చివరి మాట నా నోటి నుంచే వచ్చింది. నన్ను చదివించిన మనిషిని, ఆయన స్నేహితుల ముందు అన్నాను.

ఆయన బొట్టు వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు.

"అవునమ్మా, నేనే ఎట్టాను. తప్పైపోయింది" అన్నారు.

స్నేహితులు సగం తాగిన గ్లాసులు కింద పెట్టి, వెళ్ళొస్తామని లేచారు. నేను స్పిరిట్‌తో ర్యామ్ తుడిచి మళ్ళీ పెట్టాను. కంప్యూటరు చక్కగా పనిచేసింది. ఇప్పటికీ పనిచేస్తోంది.

మర్నాడు కూరగాయల బజారులో ఆ ముగ్గురిలో ఒకరైన అప్పలసూరిగారు కనిపించారు. ముందు మొహం తిప్పుకున్నారు. తర్వాత ఉండబట్టలేక దగ్గరకు వచ్చారు.

"అమ్మా, మీ మావ పొద్దున్నించి మాతోటే ఉన్నాడు. ప్రసాదం పంచింది ఆడే. తిండి కూడా నా పక్కనే కూకుని తిన్నాడు. అందరం కలిసే మీ ఇంటికొచ్చాం. మరెందుకు ఒప్పుకున్నాడో ఆడికే తెలియాలి."

సంచి పట్టుకుని ఇంటి దారి పట్టాను. పిల్లలకు చెప్పినట్టే కారణం వెతికాను. నేను తుడిచిన సిందూరమే చేతికి అంటిందేమో అనుకుందామంటే, సబ్బుతో కడుక్కున్నాను. పైగా అది మరక కాదు, చక్కగా పెట్టిన బొట్టు. ముందే ఉందనుకుందామంటే, కొత్త ర్యామ్‌ను కవరు చింపి తీసింది నేనే. అది పెట్టాక కంప్యూటరు పనిచేయడం కూడా చూశాను. మా ఆయనవాళ్ళు సాయంత్రం దాకా ఇల్లు చేరనేలేదు. ఎటు తిప్పినా లెక్క కుదరలేదు.

మావయ్యగారిని అడగడానికి చాలా రోజులు ధైర్యం చాలలేదు. ఒక ఆదివారం ఆయన ఒక్కరే పేపరు చదువుకుంటుంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. మీరు ఆ రోజు రాలేదట కదా, మరి ఎందుకు ఒప్పుకున్నారని అడిగాను.

"నేను రానేదని ఆళ్ళకి తెలుసునమ్మా. నేను కాదన్నాననుకో, అందరూ నా పక్షం చేరిపోయి నీ మీద పడిపోదురు. నువ్వు ఒక్కర్తివీ అయిపోదువు" అన్నారు.

నాకు ఏడుపు ఆగలేదు. కాళ్ళ మీద పడబోతే లేవదీసి, "టీ ఎట్టమ్మా" అన్నారు. ఆ బొట్టు ఎవరు పెట్టారని అడిగితే, "నాకేటి తెలుత్తాది" అని మళ్ళీ పేపరు తీసుకున్నారు.

ఆ బొట్టు ఎలా వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి నాకు కష్టమేమీ లేదు. రోజూ పొద్దున్న టీ గ్లాసు అందిస్తూ ఆయన ముఖంలోకి చూడటమే కష్టంగా ఉంది.